కంప్యూటర్ ఎవరి గదిలో?

(నూజివీడు ప్రాంత మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్నపిల్లలకి ఇంట్లో కంప్యూటర్ ఎలా అమర్చాలన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. స్త్రీల హక్కుల శిబిరంలో ఇదేం అంశమని మీలో కొందరికి అనిపించవచ్చు. షాపు కుర్రాడు వచ్చి అరగంటలో చేసిపోయే పని కదా! తీగలు కలపడం వరకూ అది నిజమే. కాని ఆ యంత్రాన్ని ఏ గదిలో పెడతారు, ఎవరి పేరుతో తెరుస్తారు, అది ఏ భాషలో నడుస్తుంది, దాని ముందు ఏ వేళలో ఎవరు కూర్చుంటారు అనే నాలుగు ప్రశ్నలకి షాపు కుర్రాడి దగ్గర జవాబు ఉండదు. ఇంట్లో అప్పటికే పాతుకుపోయిన అధికారమే వాటికి జవాబు చెప్పేస్తుంది. మనం జోక్యం చేసుకోవలసింది అక్కడే.

ఈ మాటకు ఆధారం ఉంది. 1990ల రెండో సగంలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు చదివే వందమందికి పైగా విద్యార్థులతో మాట్లాడారు. 2002లో దాన్ని పుస్తకంగా వేశారు. వాళ్ళు విన్న కథల్లో ఒకటి పదేపదే వచ్చింది. ఇంటికి కంప్యూటర్ కొన్నారు, అది కొడుకు గదిలో చేరింది. తండ్రీ కొడుకూ దాన్ని విప్పి చూశారు, బిగించారు. కూతురు పక్కన నిలబడి చూసింది. పదేళ్ళ తర్వాత ఇద్దరూ కాలేజీకి వస్తే అబ్బాయికి ‘సహజంగానే’ తెలివి ఉన్నట్టూ, అమ్మాయికి లేనట్టూ కనిపించింది. ఆ అమ్మాయి కూడా అలాగే నమ్మింది.

ఆ విశ్వవిద్యాలయం పద్ధతులు మార్చుకుంది. ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న పట్టు సడలించింది. అనుభవం లేనివాళ్ళకి వేరే మెట్టు నుంచి పాఠాలు మొదలుపెట్టింది. 1995లో కొత్తగా చేరినవాళ్ళలో 7 శాతం ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతమయ్యారు. అయిదేళ్ళలో ఆడపిల్లల మెదళ్ళు మారిపోలేదు. మూసి ఉన్న తలుపు తెరుచుకుంది, అంతే. 1940లలో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాసినవాళ్ళు ఆరుగురు స్త్రీలేనని గుర్తుంచుకుంటే, ‘ఇది మగవాళ్ళ యంత్రం’ అన్న మాట ఎంత ఇటీవలిదో తెలుస్తుంది.

ఇక మన నూజివీడుకి వద్దాం. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో చేరిన ఈ ఊరి పేరు చెబితే రసాలూ బంగినపల్లీ గుర్తొస్తాయి. 2008 నుంచి ఇంకొకటి కూడా గుర్తొస్తోంది. ఆ ఏడు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని పెట్టి, నూజివీడులో ఒక ప్రాంగణం తెరిచారు. అందరూ ట్రిపుల్ ఐటీ అంటారు. పదో తరగతి మార్కులే ఆధారంగా పల్లెల పిల్లల్ని తీసుకుని, హాస్టల్లో పెట్టి, లాప్‌టాప్ చేతికిచ్చి చదివించాలన్నది ఆ ఆలోచన. ఇటీవలి ఏళ్ళలో అక్కడ సీటు తెచ్చుకున్నవాళ్ళలో సగానికి పైగా ఆడపిల్లలే. అవకాశం పేరుపేరునా అందితే మన పిల్లలు ఏం చేయగలరో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఆ లాప్‌టాప్ చేతికొచ్చేసరికి అమ్మాయికి పదిహేనేళ్ళు నిండుతాయి. అయిదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా ఆమె ఇంట్లో ఏం జరిగింది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఇంత అంతరం ఇరవయ్యో ఏట హఠాత్తుగా పుట్టదు. ఇంట్లో మొదటి యంత్రం ఎవరి ముందు పెట్టారన్న దగ్గరే మొదలవుతుంది.

ఈ ప్రాంతపు జీవితం మీకు తెలిసిందే. పూత దశ నుంచి తోట కాపలా, వేసవిలో కోతలు, కాయలు ఏరి పెట్టెలకెత్తడం. అమ్మ పనిలోకి వెళితే ఇంట్లో చిన్నవాళ్ళని చూసుకునేది పదేళ్ళ కూతురు. బడి సెలవుల్లో పిల్లలకి ఖాళీ అంటాం కాని, మామిడి కోతలొచ్చేది సరిగ్గా ఆ సెలవుల్లోనే. ఆ ఖాళీ కొడుక్కే దొరుకుతుంది. కంప్యూటర్ ఇంట్లోనే ఉంటుంది, ‘వద్దు’ అని ఎవరూ అనరు. గిన్నెలు కడిగి, నీళ్ళు పట్టి ఆమె వచ్చేసరికి తమ్ముడు కూర్చుని ఉంటాడు. వివక్షకి అన్నిసార్లూ నోరు ఉండదు. చాలాసార్లు అది ఇంటి చాకిరీ రూపంలోనే పని చేస్తుంది.

యంత్రాన్ని ఊరికే వదిలేస్తే పిల్లలే నేర్చుకుంటారన్న వాదం ఒకటుంది. 1999 జనవరిలో ఢిల్లీ కల్కాజీలో సుగతా మిత్రా ఒక గోడకి కన్నం చేసి కంప్యూటర్ అమర్చారు. బస్తీ పిల్లలు తమంతట తామే దాన్ని తిప్పడం మొదలుపెట్టారు. అది ప్రపంచమంతా చెప్పుకున్న ప్రయోగం. తర్వాత అలాంటి కేంద్రాలని చూసిన పరిశోధకులు మాత్రం, కాస్త పెద్ద మగపిల్లలు ముందు నిలబడి మిగిలినవాళ్ళని వెనక్కి నెట్టడం, పిల్లల భాషలో పాఠ్యం కొరవడటం గురించి రాశారు. ఎవరికీ కేటాయించని చోటు బలమున్నవాడిదే అవుతుంది. బోరింగు దగ్గరయినా, కంప్యూటర్ దగ్గరయినా అంతే.

కాబట్టి అమర్చేటప్పుడే నాలుగు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది చోటు. అందరూ తిరిగే ముందు గదిలో, తలుపు వేసుకోవడానికి వీల్లేని చోట పెట్టాలి. అమ్మ వంట చేస్తూ కూడా తెర చూడగలగాలి. పిల్ల పాదాలు నేలకో పీటకో ఆనాలి, తెర కంటి ఎత్తుకి ఉండాలి, తీగలు చేతికి అందకూడదు. కొత్తదే కొనాలని లేదు. పిల్లల బొమ్మలకీ, అక్షరాలకీ పాత డెస్క్‌టాప్ చాలు.

రెండోది పేరు. యంత్రం మొత్తాన్ని మార్చగల అడ్మినిస్ట్రేటర్ ఖాతా పెద్దవాళ్ళ దగ్గర వేరుగా ఉంచి, ప్రతి పిల్లకీ పిల్లవాడికీ విడివిడిగా పరిమితుల ఖాతా తెరవాలి. తెర మీద తన పేరు తెలుగులో కనిపించడం అయిదేళ్ళ పిల్లకి చిన్న సంగతి కాదు. ఇక ఆ పెద్ద ఖాతా తాళం ఎవరి దగ్గర ఉండాలి? మన ఇళ్ళలో అది అడక్కుండానే తండ్రి దగ్గరకో అన్న దగ్గరకో పోతుంది. తల్లి కూడా నేర్చుకుని ఆ తాళం దగ్గర పెట్టుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారం వాడుకోవడానికి తల్లి లేదా తండ్రి అంగీకారం ఉండాలంటోంది. చట్టం ఇచ్చిన ఈ చోటుని తల్లులు వదులుకోకూడదు.

మూడోది భాష. ఇంగ్లీషు వస్తేనే కంప్యూటర్ అన్న భయం తల్లులని ఆ బల్ల దగ్గరికి రానివ్వదు. తెరని తెలుగులోకి మార్చుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. గుణింతం వచ్చిన పిల్లకి అది త్వరగా పట్టుబడుతుంది. 2002లో మొదలైన టక్స్ పెయింట్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం ఉచితం, తెలుగులోనూ నడుస్తుంది. రెండేళ్ళ నుంచి పదేళ్ళ వయసు వారికని తయారైన జీకాంప్రీ కూడా ఉచితమే. రెండూ ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తాయి. చిన్నపిల్లల యంత్రానికి మొదట ఇంటర్నెట్ కలపకపోవడమే మేలు.

నాలుగోది వేళ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్ళ లోపు పిల్లలకి తెర వద్దనీ, నాలుగేళ్ళ దాకా రోజుకి గంట మించవద్దనీ చెప్పింది. ఆ పై వయసు పిల్లలకి గంటతో పాటు వంతు కూడా రాసి గోడకి అంటించాలి. అక్క వంతు వచ్చినప్పుడు ఆమె చేతిలోని చీపురు తమ్ముడు అందుకోవాలి. పనిలో వంతు పంచకుండా యంత్రం దగ్గర వంతు పంచితే, ఆ పిల్లకి దక్కేది నిద్రవేళ మాత్రమే.

ఇక్కడొక హెచ్చరిక చెయ్యాలి. పిల్లలు ఏం చూస్తున్నారో గమనించే ఏర్పాట్లు ఉన్నాయి. అయిదేళ్ళ పిల్లకి అది రక్షణ. పదిహేనేళ్ళ అమ్మాయి మీద మాత్రమే, అదీ అన్న చేతుల్లో, ఆ ఏర్పాటు ఉంటే అది నిఘా అవుతుంది. ఒకే ఇంట్లో కొడుక్కి లేని కట్టడి కూతురికి ఉంటే, దాని పేరు భద్రత కాదని మనం నిర్మొహమాటంగా చెప్పాలి. పెరిగే కొద్దీ పట్టు సడలించాలి, ఇద్దరికీ సమానంగా సడలించాలి.

కంప్యూటర్ కొనలేని ఇళ్ళ మాటేమిటి? తోటలో గుడిసె వేసుకున్న కాపలా కుటుంబానికి ఈ నాలుగు సూత్రాలూ ఎక్కడ పనికొస్తాయి? అందుకే బడిలోనూ, గ్రంథాలయంలోనూ అందరికీ అందే యంత్రాలుండాలనీ, అక్కడ ఆడపిల్లలకి కేటాయించిన వేళలుండాలనీ మనం అడగాలి. 2022 డిసెంబరులో, మళ్ళీ 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠాలు నింపిన ట్యాబులిచ్చింది. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆడపిల్ల చేతికి ఆమె పేరు మీదే ఒక యంత్రం వచ్చింది. ఇంటికి వెళ్ళాక అది ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న అడగవలసింది మనమే. మీ గ్రామాల్లో ఇంటింటికీ వెళ్ళినప్పుడు యంత్రం ఉందా అని అడిగి ఊరుకోకండి. ఎక్కడ ఉంది, తాళం ఎవరిది, నిన్న సాయంత్రం ఎవరు కూర్చున్నారు, ఆ సమయంలో కూతురు ఏం చేస్తోంది – ఈ నాలుగూ రాసుకోండి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఆ వాచకంలోని పాఠాన్ని తమ బతుకులతో పోల్చి చూసుకుని, సారా దుకాణం మూయించడానికి లేచారు. ఆ శక్తి పలకలో లేదు. తమకంటూ ఒక వేళ, ఒక చోటు, తోటి ఆడవాళ్ళతో కలిసి మాట్లాడుకునే వీలు దొరకడంలో ఉంది. కంప్యూటర్ విషయంలోనూ మనం సాధించుకోవలసింది అదే. ఈ వేసవి కోతలు మొదలయ్యేలోగా ఒక్కొక్కరూ మీ ఊళ్ళో పది ఇళ్ళు చూసి, ఆ నాలుగు ప్రశ్నల జవాబులతో మళ్ళీ ఇక్కడే కలుసుకుందాం.