కొత్త సర్వర్ కొనమని నేనే రాసిచ్చాను
(నరసాపురంలో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



నా పని డేటాబేస్ సర్వర్లు చూసుకోవడం. మన కోలారు రైతులకు పహణి తెలుసు. 'భూమి' పథకం కింద కర్ణాటకలో దాదాపు 2 కోట్ల పహణీలు కంప్యూటర్‌కెక్కాయి. ఊరు, సర్వే నంబరు వరుసలో ఇండెక్స్ ఉంటే ఒక పహణి క్షణంలో దొరుకుతుంది. రైతు పేరొక్కటే చెబితే ఆ ఇండెక్స్ అక్కరకు రాదు, మొదటి నుంచి చివరిదాకా వెతకాల్సిందే.

ఒకప్పుడు నేను పనిచేసిన చోట జీతాల రిపోర్టు ఏడాదికేడాది నెమ్మదించి 40 నిమిషాలకు చేరింది. నెలాఖరున అందరూ నా మీదే పడేవారు. లక్షలు పెట్టి కొత్త సర్వర్ కొనమని రాసిచ్చాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి క్వెరీ ప్లాన్ తీసి చూపింది. తేదీకి ఇండెక్స్ ఉంది. కానీ నేను ప్రతి తేదీలోంచి నెలను విడదీసి పోల్చమన్నాను, దాంతో ఇండెక్స్ పక్కన పడింది. 'జూన్ 1 మొదలు, జూలై 1కి ముందు' అని మార్చాం. నిమిషంలోపే వచ్చింది. సిగ్గేసింది, నిజమే. ఆ కాగితం వెనక్కి తీసుకున్నాను.

పిల్లలూ, పోస్ట్‌గ్రెస్ ఉచితంగా దొరుకుతుంది. క్వెరీ ముందు 'ఎక్స్‌ప్లెయిన్' అని రాసి చూడండి. 'సీక్ స్కాన్' అని వస్తే పట్టికంతా వెతుకుతోందన్నమాట. పట్టిక చిన్నదైతే అది తప్పేమీ కాదు, వదిలేయండి.