వార్డెన్ సంతకం ఎవరి తరఫున?

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలో పట్టాలు అందుకుంటున్న పిల్లల ముందు ఒక రిటైర్డ్ డాక్టరమ్మ మర్యాదలన్నీ రెండు వాక్యాల్లో కానిచ్చేశారు. శాలువా మడిచి కుర్చీలో పడేసి, నేరుగా ఖమ్మం కథలోకి దిగారు.

2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ‘పాత్’ అనే అమెరికా సంస్థ కలిసి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేయించాయి. అంతా 10 నుంచి 14 ఏళ్ల వాళ్లు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవ ముదిరి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. బయటపడింది వేరొకటి: 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

‘‘వార్డెన్ అన్నం పెట్టిస్తారు, హాజరు వేస్తారు. అమ్మానాన్నా అయిపోతారా?’’

అక్కడి నుంచి ఆమె తత్వశాస్త్రంలోకి వెళ్లారు. రంగు కాగితం డబ్బుగా చెల్లేది జనం దాన్ని అలా ఒప్పుకోవడం వల్లేనని, సంస్థలన్నిటి పునాదీ అదేనని అమెరికా తత్వవేత్త జాన్ సెర్ల్ 1995లో రాశారు. మరి వార్డెన్ సంతకం తల్లి మాటగా చెల్లుతుందని ఒప్పుకున్నదెవరు? తల్లినైతే ఎవరూ అడగలేదు.

ఆమె ఉద్యోగం చేసిన ఒక ఆసుపత్రిలో ఫారాల మీద సంతకం చోట ముందే పెన్సిల్ టిక్కు ఉండేది. ‘‘ఏటి రాసుందమ్మా ఇందల?’’ అని ఓ ముసలమ్మ అడిగితే, గుమస్తా ‘‘మామూలే’’ అన్నాడు. మర్నాటి నుంచి ప్రతి ఫారమూ డాక్టరమ్మ అతని చేతే పైకి చదివించారు. వారం తిరక్కుండా నాలుగు పేజీల ఫారాన్ని ఒక పేజీకి కుదించమని అర్జీ పెట్టుకున్నది ఆ గుమస్తాయే!

ఈ అంగీకారం గొడవ ఇక్కడికీ దూరం కాదన్నారు. పలాస దాటితే ఉద్దానం. కిడ్నీ జబ్బు మూలం కోసం ఏళ్ల తరబడి రక్తం, నీళ్లు పరీక్షిస్తూనే ఉన్నారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మనుషులపై జరిగే ప్రయోగాలను తూచే ఎథిక్స్ కమిటీలో క్లినికల్ ట్రయల్స్ 2019 నిబంధనల ప్రకారం కనీసం ఏడుగురుండాలి. కనీసం సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లు, ఒకరు సామాన్యుడు కావాలి.

‘‘ఆ సామాన్యుడి కుర్చీ మీదేరా! జీడిపప్పు నమిలి సంతకం గీకి వచ్చారో, నా కంటబడకండి.’’

సర్పంచి సరేనంటే సరిపోదా అని వెనక వరసలో ఓ కుర్రాడు లేచాడు. ఊరిపెద్ద అనుమతి ఉన్నా మనిషి మనిషినీ విడిగా అడగాల్సిందేనని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయని ఆమె వివరించారు. ‘‘అంటే ఇంటింటికీ తిరగాలి నాయనా, ఎండలో. గొడుగు పట్టుకెళ్లు.’’