పిల్లల వేలి మీద గట్టి బొడిపె

పిస్కాటవే, ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న తల్లిదండ్రులతో ఈ పూట ఒక అరుదైన జబ్బు గురించి మాట్లాడదామని వచ్చాను. పిల్లవాడి వేలి మీద బఠానీ గింజంత గట్టి బొడిపె. నొప్పి ఉండదు, నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. తీరా రిపోర్టులో "టీనోసైనోవియల్ జయంట్ సెల్ ట్యూమర్" అని ఉంటుంది. ట్యూమర్ అనగానే మనకి క్యాన్సరే గుర్తొస్తుంది. ఇది క్యాన్సర్ కాదండీ.

కీళ్ళ లోపలా, వేళ్ళని ముడిచే టెండాన్ల చుట్టూ పల్చటి పొర ఒకటుంటుంది. (టెండాన్‌ని మనవాళ్ళు నరం అనేస్తారు, అది నరం కాదు.) ఆ పొరలో కొద్ది కణాలు సీఎస్ఎఫ్-1 అనే ప్రోటీన్‌ని అతిగా తయారుచేసి, మాక్రోఫేజ్‌లనే రక్షక కణాల్ని పిలుస్తాయి. గడ్డలో ఎక్కువ భాగం అలా పిలిస్తే వచ్చిన చుట్టాలే! లోపల రక్తం చిమ్మి ఇనుము పేరుకోవడంతో గోధుమరంగు వస్తుంది. పాత రిపోర్టుల్లో "జయంట్ సెల్ ట్యూమర్ ఆఫ్ టెండాన్ షీత్" అని రాసేవారు, రెండూ ఒకటే. ఎముకలో వచ్చే జయంట్ సెల్ ట్యూమర్ మాత్రం వేరే జబ్బు. ఇంటర్నెట్‌లో వెతికి రెంటినీ కలిపేసుకుని కంగారుపడకండి.

ఇది ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ళ వాళ్ళకి వస్తుంది. అందుకే పిల్లల డాక్టరు ముందు గ్యాంగ్లియన్ అనుకోవడం సహజమే. గ్యాంగ్లియన్‌లో ఉండేది నీరు, టార్చి వేస్తే మెరుస్తుంది. ఇది మెరవదు. అలాగని టార్చితో ఇంట్లో తేల్చేసుకోకండి. అల్ట్రాసౌండు, ఎమ్మారై కావాలి. చూడ్డానికి ఇలాగే ఉండే చెడ్డ గడ్డలూ ఎక్కడో ఒకటి ఉంటాయి, అసలు భయమల్లా దానిగురించే.

అమ్మమ్మలు సున్నం, బెల్లం పట్టు వేద్దామంటారు. దానివల్ల ఇది కరగదు, పిల్లవాడి చర్మం మాత్రం కాలుతుంది. కొందరు వేసవి సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు చూపిద్దాం అనుకుంటారు. ఫలానా గడ్డ అని తేలాక, డాక్టరు సరేనంటే, కొన్ని వారాలు ఆగొచ్చు. తేలకుండా ఆగకూడదు. రారిటన్ నది దాటితే న్యూ బ్రన్స్‌విక్‌లో పిల్లల ఆసుపత్రే ఉందాయె.

చికిత్స ఆపరేషనే. పిల్లల వేళ్ళలో ఎముక పెరిగే చోటు పక్కనే ఉంటుంది, అసలు నరాలు గడ్డని ఆనుకుని ఉంటాయి, కనుక చేతి సర్జన్‌కే అప్పగించండి. 2019లో పెక్సిడార్టినిబ్, 2025లో విమ్‌సెల్టినిబ్ అనే మందులకి అమెరికాలో అనుమతి వచ్చింది గానీ అవి పెద్దవాళ్ళకే.

కొందరికి ఇది మళ్ళీ వస్తుంది. ఆపరేషన్ ఇక్కడైనా హైదరాబాదులోనైనా, పెథాలజీ రిపోర్టూ ఎమ్మారై సీడీ అడిగి తీసుకుని దాచుకోండి. బొడిపె మళ్ళీ కనిపిస్తే కొత్త డాక్టరు మొదట అడిగేవి అవే. సెలవు.