కరీంనగర్ సీటు ఎవరిది?



ఢిల్లీకి పోయిన మన ఎంపీల ముచ్చట చెప్పమన్నరు. పేరుపేరునా ఎత్తుకుంటే పొద్దుపోతది. ఒక్కరినే పట్టుకుంటం. 1971, 1977, 1980ల కరీంనగర్ నుంచి మూడుసార్లు లోక్‌సభకు పోయిన ఎం.సత్యనారాయణరావు. మన నోట్ల ఎమ్మెస్సార్.

మొదటిసారి ఆయనను పంపింది కాంగ్రెస్ కాదు, తెలంగాణ ప్రజా సమితి. 1969ల లాఠీలు, తూటాలు చూసిన జనం, 369 మంది అమరులని లెక్కగట్టుకున్న జనం, 14 సీట్లల్ల 10 సమితి చేతుల పెట్టిండ్రు. అదే ఏడాది సెప్టెంబర్‌ల చెన్నారెడ్డి సమితిని కొంటవోయి కాంగ్రెస్‌ల కలిపిండు. ఓటేసినోళ్లను ఎవరన్న అడిగిండ్రా? ఇందిరమ్మకు 350కి పైగా సీట్లున్నయి, మన పదితో సర్కారు పడేది కాదు, నిజమే. కొట్లాడే గొంతులైనా మిగిలేవి గదా!

ఉద్యోగులు ఇది యాది పెట్టుకోవాలె. ముల్కీ నిబంధనలు చెల్లుతయని 1972 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1973 ఆఖర్ల పార్లమెంటు వాటిని రద్దు చేసింది. ఏ లోక్‌సభ? తెలంగాణ పేరు మీద పదిమంది గెలిచి కూసున్న ఐదో లోక్‌సభే. ఆరు సూత్రాలు, జోన్లు, ఆ తర్వాత 610 జీవో అమలు కోసం మీరు తిరిగిన తిరుగుడు అంతా ఆడికెల్లి వచ్చిందే.

ఎమ్మెస్సార్ కాంగ్రెస్‌లనే స్థిరపడిండు. తర్వాతి రెండు గెలుపులు ఆ పార్టీ టికెట్ మీదనే. పీసీసీ అధ్యక్షుడైండు, వైఎస్ సర్కార్ల మంత్రి అయిండు. మాట కడుపుల దాచుకునే మనిషి కాదు, అది ఒప్పుకోవాలె. 2006ల ఆ నోరే కొంపముంచింది. టీఆర్ఎస్ గెలిచింది కాంగ్రెస్ పొత్తుతోని, దమ్ముంటే రాజీనామా చేసి మళ్ల గెలువుమని కేసీఆర్‌కు సవాలు విసిరిండు. కేసీఆర్ రాజీనామా చేసిండు. డిసెంబర్‌ల రెండు లక్షలకు పైగా మెజారిటీ! ఉప ఎన్నిక కాస్తా రెఫరెండం అయి కూసుంది. 35 ఏండ్ల కింద తనను పంపిన ఓటు ఏం ఓటో ఆయన మరిచిండు, కరీంనగర్ మరువలే.

అట్లని ఆ ఓటు కేసీఆర్‌కూ రాసిచ్చింది కాదు. 2008ల అదే సీటు, మళ్ల రాజీనామా, మళ్ల ఆయనే. మెజారిటీ సుమారు 15 వేలకు దిగింది. జనం ఊకూకె పరీక్ష రాయరని మేం అనుకుంటున్నం.

2009ల టీఆర్ఎస్‌కు దక్కింది రెండే ఎంపీ సీట్లు. అయినా 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తెలంగాణ బిల్లు పాస్ చేసింది. పదిమందితో కానిది ఇద్దరితో ఎట్లయింది? నడుమ ఉస్మానియా క్యాంపస్ ఉంది, ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నరు, 2011ల మీరు జీతాలు వదులుకుని చేసిన సకల జనుల సమ్మె ఉంది. ఊర్లల్ల తిరగలేక తెలంగాణ కాంగ్రెస్ ఎంపీలు సొంత పార్టీ మీదనే లొల్లికి దిగిండ్రు. 1971ల గెలిచినోళ్ల వెనుక గా వేడి అప్పటికే చల్లారింది.

ఎమ్మెస్సార్ 2021 ఏప్రిల్‌ల కన్నుమూసిండు. రాష్ట్రాన్ని చూసే పోయిండు. ఆయన పేరెత్తితే 2006 సవాలే అందరికీ యాదికొస్తది, 1971 గెలుపు ముచ్చట చెప్పేటోళ్లు తక్కువ.