కొండల కెక్కిన అలానులు

కొండజాతి యనినంతనే, ఆ జనులు తొలినుండియు కొండలలోనే యుండిరనియు, మైదానపు నాగరికత నెరుగరనియు తలచుట లోకమున పరిపాటి. ఆ తలంపెంత పొరపాటో కాకసస్ పర్వతములలోని ఒస్సేతీయుల చరిత్రము తెలుపును.

నల్లసముద్రమునకును కాస్పియన్ సముద్రమునకును నడుమ కోటగోడవలె నిలిచినది కాకసస్ శ్రేణి. దాని యుత్తరపు బయళ్లలో ఒస్సేతీయుల పూర్వులైన అలానులు గుఱ్ఱములను పెంచుచు, పైరులు పండించుచు, పట్టణములు కట్టి వర్ధిల్లిరి. పదవ శతాబ్దిలో వారి రాజులు క్రైస్తవము స్వీకరించిరి. నాటి రాతి దేవాలయములు కొన్ని నేటికిని నిలిచియున్నవి.

1222లో చెంగిజ్ ఖాన్ సేనానులు జెబె, సుబుతాయి దక్షిణమునుండి పర్వతములు దాటి వచ్చిరి. అలానులును, పొరుగువారగు కిప్చాకులును కలిసి యెదుర్కొనగా గెలుపోటములు తేలలేదు. అంతట మంగోలులు కిప్చాకులకు కానుకలంపి, తామును వారును ఒక్క జాతియేయని నమ్మబలికిరి. కిప్చాకులు తొలగిపోయిరి, అలానులు ఓడిరి. పిమ్మట మంగోలులు కిప్చాకులపైననే పడి, ఇచ్చిన కానుకలకు మించి దోచుకొనిరి. లంచమిచ్చి చెలిమిని విడదీయుట కత్తికంటె పదునైన యుపాయము!

అసలు ప్రళయము తరువాత వచ్చినది. 1239-40లో రాజధాని మగాస్ కూలెను. ఎంతగా కూలెననగా, అది యెచట నుండెనో పండితులు నేటికిని వాదించుచున్నారు. 1395లో తైమూరు దండయాత్ర మిగిలినవారిని సైతము బయళ్లనుండి తరిమినది.

జాతి మూడు దిక్కులైనది. కొందరు చీనాలో మహాఖానునకు అంగరక్షకులైరి. తమకు మతగురువును పంపుమని వారి ప్రభువులు 1336లో పోపునకు లేఖ వ్రాసిరి. కొందరు హంగేరీలో భూములు పొంది స్థిరపడిరి. మిగిలినవారు ఇరుకు లోయలకెక్కి, అచటి పాతకాపులతో కలిసిపోయి, రాతి బురుజులు కట్టుకొని, బండల నడుమ చారెడు నేలను దున్నుకొనిరి. మంగోలుల బలముడిగినను క్రిందికి దిగుటకు వీలులేకపోయెను. బయళ్లను కబర్ద ప్రభువులు ఆక్రమించుకొని యుండిరి. 18వ శతాబ్ది చివర రష్యా ప్రాపు దొరికిన పిమ్మటనే వారు దిగసాగిరి.

ఇందొక వింత కలదు. కొలువులు, భూములు దొరకినవారు భాషను పోగొట్టుకొనిరి. హంగేరీలోని అలానుల భాషకు 1422 నాటి నలువది మాటల పట్టిక యొకటియే ముఖ్యమైన గుర్తు. ఆకలితో కొండలెక్కినవారో, నేటికిని తల్లిని ‘మద్’ అనియు, ఎనిమిదిని ‘అస్త్’ అనియు, పదిని ‘దస్’ అనియు పలుకుచున్నారు. సంస్కృతమెరిగినవారికి ఆ చుట్టరికము విప్పి చెప్పనక్కరలేదు.

అచ్చుపుస్తకము లేని శతాబ్దములలో ఆ లోయల గ్రంథాలయము వృద్ధుల నాలుకయే. నార్తులను వీరుల కథలను తంత్రీవాద్యముపై పాడుచు తరతరములకు అందించిరి. ఒస్సేతు భాషలో తొలి పుస్తకము 1798లో మాస్కోలో అచ్చయినది. కోస్తా ఖెతాగురోవ్ తన జనుల పేదరికమును పాడిన కవితాసంపుటి 1899లో వెలువడినది. దానికి అతడు పెట్టిన పేరు, ఆ తంత్రీవాద్యము పేరే.