మూడక్షరాల ఇంగ్లీషు మాట

రోజూ వాడే ఇంగ్లీషు మాట ఒకటి తీసుకుని దాని అర్థాలన్నీ చెప్పమన్నారు రేడియోవారు. నేను 'సెట్' ఎంచుకున్నాను. అన్నీ చెప్పడం మాత్రం నా వల్ల కాదు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో, ఒక్క క్రియగానే దీనికి 430 అర్థాలిచ్చారు. వాటి వివరణకే దాదాపు 60,000 మాటలు పట్టాయి. నాకిచ్చినవి కొద్ది నిమిషాలు.

టీ సెట్టు, సినిమా సెట్టు, సెట్ దోశ, మీ ఎదురుగా ఉన్న రేడియో సెట్టు మీకు నేను చెప్పాలా? పిల్లకు సంబంధం సెట్టయిందా అని అడగని పిన్నిగారు ఉంటారా? ఎంసెట్‌లో ఉన్నది మాత్రం మన సెట్ కాదు, అవి పొడి అక్షరాలు. పరీక్ష రాసొచ్చిన కుర్రాణ్ణి 'నీది ఏ సెట్టా, బీ సెట్టా' అని అడుగుతారే, అది మనదే.

పెట్టడం, నిలపడం, గట్టిపడడం అనే అర్థాలున్న సెట్ పాత ఇంగ్లీషుది. కూర్చోబెట్టడం దాని అసలు పని. గుంపు అనే అర్థమున్న సెట్ వేరు. అది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, మతశాఖను చెప్పే 'సెక్ట్'కు తోబుట్టువు. ఒకే పేరున్న ఇద్దరు పరాయివాళ్ళు ఒకే ఇంట్లో అద్దెకు దిగి చివరికి చుట్టాలైపోయినట్టు కలిసిపోయాయి.

నాకు ఇష్టమైనది వడ్రంగుల సెట్. చేతిరంపాన్ని కంటికెదురుగా పట్టుకుని అంచు వెంబడి చూడండి. పళ్ళు ఒక్క వరుసలో ఉండవు. ఒకటి కుడికి, పక్కది ఎడమకి రవ్వంత వంగి ఉంటాయి. ఆ వంపే సెట్. దానివల్ల కోత రేకు మందం కంటే వెడల్పుగా పడుతుంది, పొట్టు బయటికొస్తుంది, రంపం కర్రలో పట్టేయదు. పచ్చి కర్రకు వంపు కాస్త ఎక్కువ కావాలి, ఎండిన గట్టి కర్రకు తక్కువ చాలు.

మా వీధి వడ్రంగి తాత గాడి ఉన్న చిన్న ఇనపముక్కతో ఒక్కో పన్నూ వంచి, ఆకురాయితో పదును పెట్టేవాడు. తర్వాత పళ్ళ మధ్య ఒక కుట్టుసూది పెట్టి రంపాన్ని ఏటవాలుగా ఎత్తేవాడు. సూది పక్కకి పడకుండా చివరిదాకా జారితే వంపు కుదిరినట్టు. నేనూ వంచుతానంటే, "పన్ను విరిగితే నీ పన్ను పీకి పెట్టమంటావేంట్రా?" అన్నాడు.

ఇప్పుడు ఆకురాయి ఎక్కని గట్టి పళ్ళ రంపాలొచ్చాయి. మొద్దుబారితే పారేయడమే. కరెంటు కట్టర్ల సంగతి సరేసరి. ఇంజనీరింగ్ చదివే మా మనవడు రంపం పళ్ళు వంగి ఉండటం చూసి, పాడైపోయింది తాతయ్యా, కొత్తది కొనమన్నాడు! చేసే చెయ్యి లేకపోయాక ఆ అర్థాన్ని నిఘంటువులో దాచి ఎవరికి చూపిస్తాం?

టెన్నిస్ సెట్టు, లెక్కల్లో సమితి అనే సెట్టు మీరే చూసుకోండి. విరిగిన ఎముకను సరిచేసి కూర్చడమూ సెట్టే. పుత్తూరు కట్టు వేసేవాళ్ళు ఆ మాటతో పని లేకుండానే తరాలుగా ఆ పని చేస్తున్నారు.

ఇంతకీ ఆక్స్‌ఫర్డ్ వారు 2011లో 'రన్' అనే క్రియను తిరగరాసి 645 అర్థాలు తేల్చారు. పీటర్ గిలివర్ అనే సంపాదకుడికి ఆ ఒక్క మాటకే తొమ్మిది నెలలు పట్టిందట. మా సెట్ వెనకబడింది. వచ్చే నెల 'రన్' మీద మాట్లాడమంటే మాత్రం ఇంకెవరినైనా చూసుకోవాలి.