పొయ్యి పక్కన పోపులపెట్టె

కంప్యూటరు కొనబోయే తల్లిదండ్రులు నన్ను తరచు అడుగుతుంటారు: "మాస్టారూ, ఎన్ని గిగాహెర్ట్జ్‌ది కొనమంటారు?" ఆ ఒక్క అంకె చూస్తే చాలదని చెప్పడానికే ఈ ప్రసంగం.

ఆవాల కోసం ప్రతిసారీ ఎవరూ కొట్టుగదికి పరుగెత్తరు. పోపులపెట్టె పొయ్యి పక్కనే ఉంటుంది. మన కన్నడ ఇరుగుపొరుగువారు ఒగ్గరణె డబ్బి అంటారే, అదే. ప్రాసెసరుకు అటువంటి పెట్టె క్యాష్ మెమరీ. డబ్బు క్యాష్ కాదు సుమా! ప్రధాన మెమరీ కొట్టుగది వంటిది. అక్కడినుంచి సమాచారం వచ్చేదాకా ప్రాసెసరు చేతులు కట్టుకు కూర్చోవలసిందే.

1989 నాటి ఇంటెల్ 486లో క్యాష్ 8 కిలోబైట్లు. 1998లో ఆ సంస్థ రెండవ అంచె క్యాష్ తీసేసి సెలెరాన్‌ను చవకగా తెచ్చింది. అది ఆఫీసు పనులలో వెనుకబడింది. అదే ఏడు 128 కిలోబైట్లు చేర్చి ఆ లోటు తీర్చారు.

మరి క్యాష్ ఎంతైనా పెంచవచ్చు కదా అంటారేమో. ఇందులో ఒక్కొక్క బిట్టుకు సాధారణంగా ఆరు ట్రాన్సిస్టర్లు కావాలి. చోటూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. అందుకే 2022లో ఎ.ఎం.డి. సంస్థ రైజెన్ 5800ఎక్స్3డిలో మేడ మీద మేడలా 64 మెగాబైట్లు పేర్చి, మూడవ అంచెను 96 మెగాబైట్లు చేసింది. దాని గిగాహెర్ట్జ్ అంకె 5800ఎక్స్ కన్నా తక్కువే. అయినా చాలా ఆటలలో ఇదే ముందు. రాబోయే ప్రాసెసర్లకు ఇదొక దారి.

కాబట్టి కొనేముందు క్యాష్ ఎంతో కూడా అడగండి. పిల్లవాడు ఉత్తరాలు టైపు చేసుకోవడానికే అయితే మాత్రం దానికోసం అప్పు చేయకండి. సెలవు.